ఊరి భూమి, ఊరి నీరు చేజారకుండా: రైతులు సంఘం కట్టుకొని నిలబడే విధానం

ఒక ఊరి భూమి కంపెనీ చేతికి వెళ్లడానికి చాలా ముందే, దాని గురించి ఒక మాట ప్రభుత్వ కాగితంలో పడుతుంది. బంజరు అనో, నిరుపయోగం అనో, సాగుకు యోగ్యం కాదనో ఎవరో రాసి పెడతారు. ఆ మాట రాసిన రోజున ఊళ్లో ఎవరికీ తెలియదు. యంత్రాలు వచ్చిన రోజున తెలుస్తుంది, కానీ అప్పటికి ఆ ఒక్క మాట మీద జీవోలు, కేటాయింపులు, అనుమతులు వరసగా పేరుకొని ఉంటాయి.

శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలో బీల అని పిలిచే చిత్తడి నేలలున్నాయి. వాటి నీటితో చుట్టుపక్కల ఊళ్లు పంటలు పండించుకుంటాయి, చేపలు పట్టుకుంటాయి, పశువులు మేపుకుంటాయి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టాలని నిర్ణయించినప్పుడు, అది చిత్తడి నేల అని, దాని మీద ఊళ్లు బతుకుతున్నాయని ప్రజలు ఏళ్ల తరబడి చెప్పుకోవలసి వచ్చింది. 2010 జూలై 14న జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అదే రోజు అక్కడ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కాగితం మీది పోరాటం ఇంకొంచెం ముందు ఫలించి ఉంటే నేల మీద ఆ రోజు వచ్చేది కాదేమో అని అనిపించక మానదు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ కాగితం పని గురించే. ఊరేగింపు, ధర్నా, రాస్తారోకో ఎలా చేయాలో మన ఊళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ముందు ఊరి రికార్డు ఊరివాళ్ల చేతికి రావాలి

ఏ ప్రాజెక్టు వార్తా లేని రోజుల్లోనే ఈ పని మొదలుపెట్టాలి. నోటీసు వచ్చాక ప్రతి కార్యాలయంలోనూ నకలు దొరకడం కష్టమవుతుంది. ఆంధ్ర జిల్లాల్లో ఏటేటా సాగు వివరాలుండే గ్రామ అడంగల్, పట్టాదారుల వివరాలుండే 1బీ, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అయిన ఆర్‌ఎస్‌ఆర్, సర్వే నంబర్లవారీ కొలతలుండే ఎఫ్‌ఎంబీ, గ్రామ పటం సేకరించాలి. తెలంగాణలో పహాణీలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, తొలి సర్వే రిజిస్టరు అయిన సేత్వార్, కొలతల చిత్రం అయిన టిప్పన్, గ్రామ నక్షా సేకరించాలి. మీభూమి, భూభారతి పోర్టళ్లలో కనబడేది నేటి స్థితి మాత్రమే. వివాదం వచ్చినప్పుడు బలం ఇచ్చేది పాత రికార్డు. అందుచేత ధ్రువీకరించిన నకళ్లే తీసుకోవాలి, ఫోనులో తీసిన ఫొటో మీద ఆధారపడకూడదు.

పట్టా భూముల కంటే ముందు పట్టా లేని భూములను చూడాలి. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, మేత పోరంబోకు, తోపులు, కళ్లాలు, శ్మశానం, తెలంగాణలో అయితే షికం, బంచరాయి, గైరాన్, కంచె అని రాసి ఉన్నవన్నీ ఒక జాబితాగా వేయాలి. వీటికి యజమాని అంటూ ఒక్కరు ఉండరు కాబట్టి కంపెనీకైనా, ఆక్రమణదారుడికైనా సులువుగా దొరికేవి ఇవే. మేత పోరంబోకును ఎవరికైనా కేటాయించదలిస్తే ముందు దాన్ని అసెస్డ్ వేస్ట్ (శిస్తు నిర్ణయించిన బంజరు) పద్దులోకి, అంటే రికార్డుల్లో ఏడబ్ల్యూడీ అని కనబడే పద్దులోకి మారుస్తారు. కనుక పాత ఆర్‌ఎస్‌ఆర్‌లో పోరంబోకుగా ఉన్న సర్వే నంబరు కొత్త అడంగల్‌లో ఏడబ్ల్యూడీగా కనిపిస్తే ఆ మార్పు ఎప్పుడు, ఎవరి ఉత్తర్వుతో జరిగిందో వెంటనే అడగాలి.

అడగడానికి సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన నియమాల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి రుసుమే లేదు కాబట్టి సంఘం తరఫున తెల్లకార్డు ఉన్న సభ్యులతో దరఖాస్తు పెట్టించడం మేలు. సమాధానం 30 రోజుల్లో రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు. దరఖాస్తులో "భూముల వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏదో ఒక పొడి సమాధానం వస్తుంది. "మా గ్రామంలోని ఫలానా సర్వే నంబరు వర్గీకరణ మార్పునకు సంబంధించిన ఫైలులోని నోట్ ఫైలు, ఉత్తర్వు, పంచాయతీ తీర్మానం, క్షేత్ర తనిఖీ నివేదిక నకళ్లు ఇవ్వగలరు, ఆ ఫైలును స్వయంగా పరిశీలించడానికి తేదీ తెలుపగలరు" అని రాస్తే తప్పించుకోవడానికి చోటుండదు. ఫైలు పరిశీలన అడగడం చాలామంది మరచిపోతారు. నకలులో రాని సంగతులు ఫైలు అంచున పెన్సిలుతో రాసిన చోట కనబడతాయి.

ఈ కాగితాలన్నీ చేతికి వచ్చాక, గ్రామ పటాన్ని పెద్దది చేయించి గుడి అరుగు మీదనో బడి వరండాలోనో పరచాలి. సర్వే నంబర్లు పెద్దవాళ్లకు గుర్తుండవు, పొలాల పేర్లు గుర్తుంటాయి. ఊటబావి చేను, దొరువు చేను, రాళ్లదిబ్బ, చింతలతోపు అంటూ వాళ్లు చెబుతుంటే చదువుకున్న పిల్లలు వాటిని సర్వే నంబర్లతో జతచేయాలి. ప్రతి ఉమ్మడి భూమికీ ఎదురుగా అక్కడ ఇప్పుడు ఏం జరుగుతోందో రాయాలి: ఏ వాడ పశువులు మేస్తాయి, ఏ నెలల్లో మేస్తాయి, ఎవరు తుంగ కోస్తారు, ఎవరు చేపలు పడతారు, ఎన్ని ఎకరాలకు ఆ కుంట నీరు దిగుతుంది. ఆ వివరాలు చెప్పినవారి సంతకమో వేలిముద్రో పక్కనే తీసుకోవాలి. బంజరు అని ప్రభుత్వం రాసిన చోట ఊరు ఏం రాసిందో చూపించే పత్రం ఇదే.

ఇలా తయారైన జాబితాను గ్రామసభ ముందుంచి తీర్మానం చేయించాలి. మేత భూములు, కళ్లాలు, తోపులు, శ్మశానాలు వంటి పోరంబోకులు పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామ పంచాయతీకి దఖలుపడినవి. ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా వాటిని వెనక్కి తీసుకోగలదు, కానీ గుట్టుచప్పుడు కాకుండా తీసుకోలేదు. గ్రామాల ఉమ్మడి భూములపై ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పును తీర్మానంలో ప్రస్తావించాలి. తీర్మానం ప్రతిని తహసీల్దారుకు, ఆర్డీవోకు, కలెక్టరుకు స్పీడ్ పోస్టులో పంపి, రసీదులు దాచాలి.

సంఘంలో ఎవరుండాలి

పట్టాదారులు మాత్రమే ఉన్న సంఘం మొదటి బేరానికే విడిపోతుంది. ఎకరాకు ఇంత అని కంపెనీ మనిషి చెప్పగానే, ఆ డబ్బు అందేవారికీ అందనివారికీ మధ్య గీత పడుతుంది. కౌలుదారుకు, కూలీకి, గొర్రెల కాపరికి, చెరువులో చేపలు పట్టేవారికి ఆ డబ్బులో వాటా లేదు, భూమి పోతే మాత్రం అందరికంటే ముందు వీధిన పడేది వారే. కాబట్టి ఎక్కువ పట్టుదలతో నిలబడేదీ వారే. 2013 భూసేకరణ చట్టంలో "బాధిత కుటుంబం" అంటే భూమి యజమాని ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతికిన కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు కూడా అందులోకి వస్తారు. తెలంగాణ ప్రభుత్వం చట్టాన్ని పక్కనబెట్టి నేరుగా భూములు కొనడానికి 2015లో ఇచ్చిన 123వ నంబరు జీవోను 2016 ఆగస్టులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కొట్టివేసినప్పుడు, ఆ కోర్టుకెక్కినవారిలో వ్యవసాయ కూలీలు ఉన్నారు. ఆ తరువాతే రాష్ట్రం తన సొంత సవరణ చట్టం తెచ్చుకుంది.

మూడేళ్ల ఆధారం చూపడానికి కౌలుదారుల దగ్గర సాధారణంగా ఏ కాగితమూ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారు హక్కుల పత్రాలకు దరఖాస్తు చేయించాలి. యజమానులు సంతకం పెట్టడానికి వెనుకాడితే ఎరువుల బిల్లులు, పంట నమోదు, ధాన్యం అమ్మిన రసీదు, ఉపాధి హామీ జాబ్‌కార్డు, పక్క రైతుల వాంగ్మూలం వంటివి ఒక్కో కుటుంబానికి ఒక్కో కవరులో పెట్టి దాచాలి. ఇది విసుగు పుట్టించే పని. సంఘం చేసే పనులన్నిటిలో దీని ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది.

ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల సంగతి వేరుగా మాట్లాడుకోవాలి. చాలా ఊళ్లలో అవి దళిత కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. ప్రాజెక్టు అనగానే అధికారులు ముందు వాటి జోలికే వస్తారు, ప్రభుత్వ భూమే కదా అన్న ధీమాతో. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఆ భూములను ఇతరులు కొనకుండా కాపాడడానికి వచ్చింది. పెద్ద రైతులు తమ పట్టా భూమి జోలికి వచ్చేదాకా మౌనంగా ఉంటే, తరువాత వారి కోసం ఎవరూ కదలరు. కాబట్టి సంఘం సమావేశాలు ఒకసారి ఊళ్లో జరిగితే మరొకసారి దళితవాడలో జరగాలి. కార్యవర్గంలో వాడవాడ నుంచీ మనిషి ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మీటింగుకు పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టడం కాదు, సంతకం చేసే అధికారం వారికి ఉండాలి.

రిజిస్ట్రేషన్ అత్యవసరం కాదు, కానీ చేయిస్తే కేసు వేయడానికీ బ్యాంకు ఖాతాకూ పనికి వస్తుంది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు చాలు. పార్టీల వాళ్లు వస్తామంటే రానివ్వండి, జెండా మాత్రం బయట పెట్టి రమ్మనండి.

నీటి లెక్క రాసి పెట్టుకోవడం

భూమి పోతే నోటీసు అయినా వస్తుంది. నీళ్లు పోయేటప్పుడు అదీ రాదు. ఛత్తీస్‌గఢ్‌లోని శివనాథ్ నదిలో సుమారు 23 కిలోమీటర్ల మేర నీటి సరఫరాను 1998లో ఒక ప్రైవేటు కంపెనీకి 22 ఏళ్ల ఒప్పందం మీద అప్పగించారు. ఒడ్డున ఉన్న రైతులకు, జాలర్లకు తమ నదిలోకి తాము దిగకూడదన్న సంగతి ఆ తరువాత తెలిసింది. భూగర్భజలం మాట ఇంకా తేలిక, ఎందుకంటే మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం నుంచీ నేల ఎవరిదో కింది నీళ్లూ వారివే అన్న భావన నడుస్తోంది. పది ఎకరాలు కొన్నవాడు బోర్లు వేసి చుట్టుపక్కల ఊళ్ల నీళ్లన్నీ తోడుకోగలడు.

కేరళలోని పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో జరిగింది ఇదే. 2000లో అక్కడ శీతల పానీయాల కర్మాగారం వచ్చింది. బావుల్లో నీరు తగ్గి, ఉన్న నీరు తాగడానికి పనికిరాకుండా పోవడంతో 2002 ఏప్రిల్‌లో ఆదివాసులు ఫ్యాక్టరీ గేటు ఎదుట పందిరి వేసి కూర్చున్నారు. వారిలో మయిలమ్మ అనే ఆదివాసీ మహిళ ముందు నిలిచారు. పెరుమాట్టి పంచాయతీ లైసెన్సును పునరుద్ధరించడానికి నిరాకరించింది. 2003 డిసెంబరులో కేరళ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం భూగర్భజలం ప్రజల ఆస్తి అని, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అని చెప్పింది. 2005లో ద్విసభ్య ధర్మాసనం దాన్ని తిప్పేసి రోజుకు 5 లక్షల లీటర్లు తోడుకోవచ్చంది. అయితే కర్మాగారం 2004 మార్చిలోనే మూతపడి, మళ్లీ తెరుచుకోలేదు. కోర్టులో ఓడినా పంచాయతీ, పందిరి కలిసి నిలబడితే ఏమవుతుందో చూపించిన ఉదంతం ఇది.

ఆ 5 లక్షల లీటర్లంటే ఎంతో మన పొలంలో కొలిచి చూడవచ్చు. బోరు గొట్టం కింద 20 లీటర్ల బకెట్ పెట్టి, ఫోనులో సెకన్లు చూడండి. పది సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. రోజుకు తొమ్మిది గంటల కరెంటు లెక్కన ఆ బోరు పోసేది దాదాపు 65,000 లీటర్లు. అంటే ఆ ఒక్క అనుమతి అటువంటి బోర్లు ఎనిమిదింటితో సమానం, అదీ ఏడాదిలో ఒక్క రోజూ ఆగకుండా. "మా బోరు రెండించులు పోస్తుంది" అని చెబితే రైతుకు అర్థమవుతుంది, అధికారి ఫైలులో ఎక్కదు. లీటర్లలో చెబితే ఎక్కుతుంది.

అందుచేత ఊరికి నీటి పుస్తకం ఒకటి పెట్టాలి. ఊరి నాలుగు దిక్కులా నాలుగైదు బావులో వాడని బోర్లో ఎంచుకొని, నెలకు ఒక రోజు, అదే తేదీన, ఉదయం మోటార్లు వేయకముందు, బరువు కట్టిన తాడు వదిలి నీటిమట్టం కొలవాలి. వానకు ముందు మే నెల కొలత, వానలు వెళ్లాక నవంబరు కొలత తప్పిపోకూడదు. వాన ఎంత పడిందో మండల కార్యాలయంలో దొరుకుతుంది, లేదా ఊళ్లోనే చిన్న వర్షమాపకం పెట్టుకోవచ్చు. ఒక మిల్లీమీటరు వాన ఎకరా మీద దాదాపు 4,047 లీటర్ల నీరు. భూగర్భజల శాఖ మండలాల్లో పెట్టిన ఫీజోమీటర్ల (నీటిమట్టం కొలిచే బోర్ల) లెక్కలు సమాచార హక్కు కింద అడిగి, పక్కన రాసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఫామ్స్ అనే పథకం కింద రైతులే ఇలా నీటిమట్టాలు కొలిచి, ఆ ఏడు ఉన్న నీటిని బట్టి ఏ పంట వేయాలో కూర్చొని లెక్క కట్టుకున్నారు. కాబట్టి ఇది మన ఊళ్లకు కొత్త విద్య కాదు.

ఈ పుస్తకం చేతిలో ఉంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం పనికి వస్తుంది. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయడాన్ని ఆ చట్టం అడ్డుకుంటుంది. చెరువులు, కుంటలు పూడ్చడాన్నీ, అనుమతి లేని ఇసుక తవ్వకాన్నీ నియంత్రిస్తుంది. ఫిర్యాదు మండల స్థాయిలో తహసీల్దారుకు ఇవ్వాలి. చట్టం తెలియక కాదు, లెక్క లేక ఫిర్యాదులు వీగిపోతుంటాయి. చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు గుర్తించి రాళ్లు పాతించమని నీటిపారుదల శాఖను అడగడం కూడా నోటీసు రాకముందే చేసుకోవలసిన పని. పూర్తిగా నిండిన చెరువును నాలుగు వైపుల నుంచి, తేదీ కనబడేలా ప్రతి ఏడూ ఫొటో తీయండి.

నోటీసు వచ్చిన రోజు నుంచి

మొదట చూడవలసింది ఆ నోటీసు ఏ చట్టం కింద, ఏ సెక్షన్ కింద వచ్చిందన్నది. 2013 చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే భూమి పోయే కుటుంబాల్లో (అసైన్డ్ భూమి ఉన్నవారితో సహా) 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం అయితే 70 శాతం అంగీకారం కావాలి. ప్రభుత్వం తన సొంత సంస్థ పేరున సేకరిస్తే ఈ అంగీకారం అక్కరలేదు. అందుకే పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ముందు భూమి తీసుకుంటుంది, కంపెనీ ఆ తరువాత దాని దగ్గర తీసుకుంటుంది. "మాకు 80 శాతం అంగీకారం ఉండాలి కదా" అని నిశ్చింతగా కూర్చున్న ఊళ్లు ఈ మెలిక దగ్గరే దెబ్బతింటాయి. సామాజిక ప్రభావ అంచనా, గ్రామాల్లో దానిపై విచారణ చట్టంలో ఉన్నాయి, కానీ తెలంగాణ 2016లో, ఆంధ్రప్రదేశ్ 2018లో తెచ్చిన సవరణల వల్ల కొన్ని రకాల ప్రాజెక్టులకు మినహాయింపు ఇవ్వవచ్చు. మినహాయింపు ఇచ్చారని చెబితే ఆ ఉత్తర్వు నకలు అడగండి. నోటిమాట మీద ఒప్పుకోకండి.

11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ రెండు దినపత్రికల్లో, పంచాయతీలో, తహసీల్దారు, కలెక్టరు కార్యాలయాల్లో రావాలి. వచ్చిన వెంటనే గ్రామసభ పెట్టి దాని విషయం చెప్పాలి. రెండు నెలల్లో భూముల రికార్డులు సరిచేయాలి. చనిపోయినవారి పేర్లు, పాస్‌బుక్కు రానివారి భూములు, సాదాబైనామాలు (తెల్లకాగితం మీద జరిగిన కొనుగోళ్లు) సరిచేయమని అడగడానికి ఇదే అదను. 15వ సెక్షన్ కింద అభ్యంతరాలకు గడువు 60 రోజులు. ఆ గడువు దాటాక వంద ధర్నాలు చేసినా ఆ హక్కు తిరిగి రాదు.

అభ్యంతరాన్ని అందరూ ఒకే జిరాక్సు మీద సంతకం పెట్టి ఇవ్వడం అలవాటు. అది అన్నిటినీ ఒకే మాటతో తోసిపుచ్చడానికి అధికారికి వీలిస్తుంది. ఎవరి పొలానికి వారు విడిగా రాయాలి. ఇలా ఉండవచ్చు:

"ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులోని నా భూమి ఫలానా చెరువు రెండో తూము కింద తడుస్తుంది. ఇందులో ఏటా రెండు పంటలు పండుతున్నాయి, గత అయిదేళ్ల అడంగల్ నకళ్లు జతచేస్తున్నాను. చట్టం 10వ సెక్షన్ ప్రకారం సాగునీరు ఉండి ఒకటికి మించి పంటలు పండే భూమిని చివరి గత్యంతరంగా తప్ప సేకరించరాదు. ప్రత్యామ్నాయ భూములు పరిశీలించిన నివేదిక ఇప్పించగలరు. ఈ సేకరణ ప్రజా ప్రయోజనం కోసమన్న వాదనకు, భూమి ఎంపికకు, విస్తీర్ణానికి నేను అభ్యంతరం తెలుపుతున్నాను. నన్ను స్వయంగా విచారించవలసిందిగా కోరుతున్నాను."

చివరి వాక్యం తప్పనిసరి. కోరినవారిని కలెక్టరు విచారించాలి. విచారించకుండా ముందుకు పోతే అదే కోర్టులో మొదటి ఆధారమవుతుంది. అభ్యంతరపత్రం ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. వారు తీసుకోబోమంటే స్పీడ్ పోస్టు ఉంది.

ల్యాండ్ పూలింగ్ (భూమి ఇచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లు తీసుకోవడం) అన్న మాట వస్తే, అది సేకరణ కాదని, స్వచ్ఛందమని గుర్తుంచుకోవాలి. అమరావతిలో 2015 నుంచి వేల ఎకరాలు ఆ పద్ధతిలోనే వెళ్లాయి. ఇష్టముంటే ఇవ్వవచ్చు, ఇష్టం లేకపోతే ఇవ్వనక్కరలేదు. అయితే అంగీకార పత్రం చదవకుండా, న్యాయవాదికి చూపకుండా సంతకం చేయకూడదు.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద పెద్ద ప్రాజెక్టులకు ఈ సభ జరగాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. ముసాయిదా నివేదిక కలెక్టరు, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం, పంచాయతీ వద్ద అందుబాటులో ఉంచాలి. దాని సారాంశం తెలుగులోనూ ఉండాలి. ఆ 30 రోజుల్లో నివేదిక చదవడం మీద శ్రద్ధ పెట్టాలి. చుట్టూ పది కిలోమీటర్లలో నీటి వనరులు లేవని, అక్కడ సాగు లేదని రాసిన పేజీలు వెతికి, ఊరు ముందే తయారుచేసుకున్న జాబితాతో, నీటి పుస్తకంతో పోల్చాలి. పేజీ నంబరు, పేరా, అక్కడ రాసినది, వాస్తవం, ఆధారం అని అయిదు గళ్లు గీసి నింపితే చాలు.

సభకు కోరం అంటూ లేదు. ఊరు బహిష్కరించి బయట కూర్చుంటే, లోపల బయటి మనుషులు పదిమంది అనుకూలంగా మాట్లాడి వెళ్లిపోతారు, సభ జరిగినట్టే లెక్క. బహిష్కరణ తృప్తినిస్తుందే కానీ రికార్డులో ఏమీ మిగల్చదు, కాబట్టి లోపలికే వెళ్లాలని నా అభిప్రాయం. ఒక్కొక్కరు ఒక్కొక్క విషయం పంచుకొని మాట్లాడాలి: ఒకరు చెరువు, ఒకరు మేత, ఒకరు బూడిద, ఒకరు బోర్లు. ప్రతి మాటనూ రాతపూర్వకంగా కూడా ఇవ్వాలి. సభ మొత్తం వీడియో తీయాలి, ప్రజలు లేవనెత్తిన అంశాలు, వాటికి కంపెనీ జవాబులు చివర స్థానిక భాషలో చదివి వినిపించాలి. అవి చదవకుండా సభ ముగించవద్దని మైకు ముందే అడగండి. సంఘం కూడా సొంతంగా వీడియో తీసుకోవాలి. ఇప్పటికే అనుమతి పొందిన పారిశ్రామిక వాడ లోపల వచ్చే కర్మాగారాలకు ఈ సభ ఉండదు. అందుచేత వాడ వస్తున్నప్పుడే అడ్డుపడాలి, తరువాత వచ్చే ఒక్కో ఫ్యాక్టరీ కోసం ఎదురు చూడకూడదు.

ఏజెన్సీ గ్రామాలకు

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే 1/70 చట్టం ఉంది. 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుగా ఇవ్వరాదని తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు మైదాన ప్రాంతంలో లేని బలాన్నిస్తాయి. ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2013లో 12 పల్లెల గ్రామసభలు జరిగాయి, పన్నెండూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. మైదాన ప్రాంతంలో గ్రామసభ తీర్మానం సాక్ష్యం మాత్రమే, ప్రాజెక్టును అక్కడికక్కడ ఆపలేదు. ఏజెన్సీలో ఆపగలదు. ఈ తేడాను తెలియక మైదానంలో తీర్మానం చేసి ఇక పని అయిపోయిందనుకోవద్దు. ఏజెన్సీలో సామూహిక అటవీ వనరుల హక్కు కోసం దరఖాస్తు పెట్టని గూడెం ఉంటే ఈ నెలలోనే పెట్టాలి.

బయానాలు, జీపీఏలు

చాలా ఊళ్లలో భూమి సేకరణ నోటీసుతో కాక మధ్యవర్తి సంచితో పోతుంది. మొదట ఊరి మధ్యలో నాలుగు ముక్కలు కొంటారు, దారులు మూస్తారు, కాలువకు అడ్డంగా కంచె వేస్తారు, మిగిలినవారు తమంతట తాము అమ్ముకుంటారు. సంఘం పెట్టుకోవలసిన మొదటి కట్టుబాటు తెల్లకాగితం మీదా, ఖాళీ స్టాంపు పేపరు మీదా, జీపీఏ (తన తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) మీదా ఎవరూ ఒంటరిగా సంతకం చేయకూడదన్నది. బేరం వచ్చిన సంగతి సంఘానికి చెప్పాలి.

అమ్ముకోవలసిన అవసరం నిజంగా ఉన్నవారిని బెదిరించడం, వెలివేయడం తప్పు, చట్టవిరుద్ధం కూడా. కూతురి పెళ్లి, ఆసుపత్రి ఖర్చు, వడ్డీ వ్యాపారి ఒత్తిడి, వీటికి సంఘం దగ్గర ఏ జవాబూ లేకుండా "అమ్మవద్దు" అనడం న్యాయం కాదు. పొదుపు సంఘం ద్వారానో, పరస్పర సహాయ సహకార సంఘం ద్వారానో చేబదులు ఇప్పించగలిగితే ఇవ్వాలి. తప్పదంటే ముందు ఊళ్లోని సాగుదారుకు, ముఖ్యంగా ఆ పొలం కౌలు చేస్తున్నవారికి కొనే అవకాశం కల్పించాలి.

పోలీసులు, కేసులు, డబ్బు

భూపోరాటాలు అణగారిపోయేది తరచుగా కోర్టు వాయిదాలతో. ఒక రోజు జరిగిన తోపులాటకు వంద మంది మీద కేసు పడితే, ఆ తరువాత ఏళ్ల తరబడి వారికి వాయిదాలకు తిరగడంతోనే సరిపోతుంది, సంఘం పని ఆగిపోతుంది. అధికారి మీద చేయి వేయకూడదు, యంత్రం మీద రాయి వేయకూడదు అన్న నియమాన్ని అందరిచేతా ఒప్పించాలి. ఎవరైనా రెచ్చగొడితే పక్కకు తప్పించే బాధ్యత ముందే కొందరికి అప్పగించాలి. వెనుక 144 అనేవారు, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 163వ సెక్షన్. ఆ ఆంక్ష ఉన్నదంటే ఉత్తర్వు కాగితం చూపమనండి. బైండోవర్ (సత్ప్రవర్తన పూచీకత్తు) నోటీసు వస్తే సంతకం చేసేముందు న్యాయవాదిని అడగాలి. అరెస్టయినవారిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. దరఖాస్తు మండల న్యాయసేవా కమిటీకి చేయవచ్చు.

చందా ఎంత చిన్నదైనా రసీదు ఇవ్వాలి, ఖర్చును ప్రతి నెలా సమావేశంలో చదవాలి. ఇద్దరి సంతకం లేకుండా ఖాతా నుంచి డబ్బు తీయకూడదు, ఆ ఇద్దరూ ఒకే వాడవారు కాకూడదు. ప్రత్యర్థి వేసే మొదటి పుకారు చందాల మీదే ఉంటుంది.

పర్యావరణ అనుమతి వచ్చేస్తే దాని మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసే గడువు 30 రోజులు. సరైన కారణం చూపితే మరో 60 రోజుల వరకు పొడిగించవచ్చు, ఆ తరువాత తలుపు మూసినట్టే. దక్షిణాది బెంచి చెన్నైలో ఉంది. కాలుష్యం, చెరువు పూడ్చివేత వంటి ఇతర వివాదాలకు కారణం తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలు. అనుమతి ఎప్పుడు వచ్చిందో ఎవరూ ఇంటికి వచ్చి చెప్పరు. కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ప్రాజెక్టు పేరు ప్రతి సోమవారం వెతికి, ఏమీ లేకపోయినా లేదని తేదీ వేసి పుస్తకంలో రాసే పని ఊళ్లో చదువుకున్న ఒకరికి, ఆ మనిషి ఊళ్లో లేనప్పుడు చూడడానికి ఇంకొకరికి అప్పగించాలి.